జర్మనీలో విద్యార్థుల మధ్య పరిచర్యకు దంపతులుగా వెళ్తున్నాం: వంట, కాగితాలు, హద్దులు ఎలా?

ఆలివ్_కొమ్మ
మా సంఘం మా ఇద్దరినీ రెండేళ్లకి మాగ్డెబుర్గ్ పంపుతోంది. అక్కడి జర్మన్ సంఘం హాలూ వంటగదీ వాడుకోమంది. ప్రతి శనివారం సాయంత్రం యౌవనస్థుల సహవాసం, తర్వాత భోజనం. పాతిక నుంచి ముప్పై మంది, ఎక్కువ మంది మన తెలుగు పిల్లలే, మాస్టర్స్ చదివేవాళ్లు. అడిగిన ప్రతివాళ్లూ "దేవుడు నడిపిస్తాడు" అంటున్నారు. ఆ నమ్మకంతోనే బయల్దేరుతున్నాం. కానీ పాతిక మందికి అన్నం ఏ గిన్నెలో వండాలి, మొదటి నెలలో ఏ ఆఫీసుకి వెళ్లాలి, పిల్లలు అడిగేవాటిలో దేనికి సరే అనాలి, దేనికి కాదనాలి, ఇవి ఎవరూ చెప్పట్లేదు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి. ఎంత పొడుగైనా చదువుతాం.

మార్తమ్మ_వంటిల్లు
వంట సంగతి నేను చెప్తా. పాతిక మందికి లెక్క, అందులో సగంపైన మగపిల్లలనుకుని:

బియ్యం 3 కిలోలు. తలకి 120 గ్రాములు. ఇంట్లో తినేదానికంటే ఎక్కువే, కానీ వారమంతా బ్రెడ్డు తిన్న పిల్లలు అన్నం చూస్తే ఆగరు. కోడి ఎముకతో 6 కిలోలు. కోడికూర ఉన్న రోజు పప్పుకి కందిపప్పు కిలో చాలు, లేని రోజు కిలోంబావు. పెరుగు 4 కిలోలు. కూరకి కిలో కోడి చొప్పున ఉల్లిపాయ 300 గ్రాములు, అల్లంవెల్లుల్లి 40 గ్రాములు, నూనె 80 మిల్లీలీటర్లు, ఉప్పు 15 గ్రాములతో మొదలుపెట్టి తర్వాత రుచి చూడండి. కారం కిలోకి 15 గ్రాములు దాటొద్దు. జర్మన్లూ ఆఫ్రికా పిల్లలూ వస్తారు. కావలసినవాళ్లకి ఆవకాయ సీసా బల్లమీద ఉంటుంది.

అన్నం ఒక్క గిన్నెలో వండకండి. ఇంటి పొయ్యిమీద 3 కిలోల బియ్యం ఉడికేసరికి అడుగు మాడుతుంది, పైన పలుకుంటుంది. 1.8 లీటర్ల రైస్ కుక్కర్లు రెండు కొనండి. ఒక్కోదాంట్లో కిలోన్నర బియ్యం పడుతుంది. నిండుగా వండేటప్పుడు గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు కాకుండా కొంచెం తగ్గించి ఒకటీ ముప్పావు పోయండి. ఆవిరి బయటికి పోదు కాబట్టి రెండు పోస్తే ముద్దయిపోతుంది. నలభై నిమిషాలకి స్విచ్ పడుతుంది, మరో పావుగంట మూత తియ్యకుండా వదిలెయ్యండి.

అసలు చిక్కు ఉల్లిపాయ. రెండు కిలోల ఉల్లిపాయలు ఒక్క గిన్నెలో వేస్తే వేగవు, వాటి నీళ్లలో అవే ఉడుకుతాయి. గంటసేపు కలిపినా ఎర్రబడవు, కూరంతా తియ్యగా చప్పగా వస్తుంది. ఓవెన్ ట్రేల్లో పల్చగా పరిచి, నూనె కలిపి, 180 డిగ్రీల్లో నలభై, నలభై ఐదు నిమిషాలు ఉంచండి. మధ్యలో మూడుసార్లు తిప్పితే చాలు. ఈలోపు చెయ్యి ఖాళీ. కూర రెండు 8 లీటర్ల గిన్నెల్లో పెట్టండి.

ఫ్యూజు_పెట్టె
మార్తమ్మగారి లెక్కకి కరెంటు లెక్క కలుపుతున్నా. అక్కడా మనలాగే 230 వోల్టులే. వంటగది ప్లగ్గులు మామూలుగా 16 ఆంపియర్ల లైను మీద ఉంటాయి. అంటే 3,680 వాట్లు. 1.8 లీటర్ల కుక్కరు ఒక్కోటి 700 వాట్ల దాకా తింటుంది, రెండూ కలిపి 1,400. పక్కనే టీకి కెటిల్ పెడితే ఇంకో 2,000 నుంచి 2,200. అంచుకి వచ్చేశారు. అప్పుడు ఎవరో మైక్రోవేవ్ నొక్కుతారు, మొత్తం పోతుంది. అన్నం సగం ఉడికి ఆగితే ఆ అన్నం మళ్లీ సరిగ్గా కుదరదు.

కుక్కర్లు రెండూ వేర్వేరు గోడల ప్లగ్గులకి పెట్టండి. ఒకే ఎక్స్‌టెన్షన్ పట్టీకి రెండూ పెట్టకండి. పాత చర్చి భవనాల్లో మరతిప్పే పింగాణీ ఫ్యూజులుంటాయి. వాటిమీద 10 అని రాసుంటే ఆ లైనుకి 2,300 వాట్లే. మొదటి శనివారానికి ముందే హౌస్‌మైస్టర్‌ని, అంటే భవనం చూసుకునే మనిషిని, పెట్టె ఎక్కడుందో చూపించమని అడగండి.

రెండో_సెమిస్టర్
విద్యార్థిగా ఒక మాట. వంట ఎలా ఉన్నా వస్తాం ఆంటీ. రోజు, వేళ మార్చకండి. ఈ వారం శనివారం, పై వారం ఆదివారం అంటే ఎవరూ రారు. పార్ట్‌టైమ్ షిఫ్టులు రెండు వారాల ముందే రాసేసుకుంటాం.

ఇంకోటి, నవంబరులో ముప్పై మంది వచ్చినవాళ్లు మార్చిలో పన్నెండుకి దిగితే దిగులుపడకండి. వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31. క్లాసులు ఫిబ్రవరి మధ్యకి అయిపోతాయి, ఆ తర్వాత పరీక్షలు. కొందరు ఇంటర్న్‌షిప్‌కి మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వెళ్లిపోతారు. కొత్తవాళ్లు అక్టోబరులోనూ ఏప్రిల్‌లోనూ దిగుతారు. మీ శక్తి ఆ రెండు నెలలకి దాచుకోండి.

సైకిల్‌మీద_సువార్త
మార్తమ్మగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నా. ప్రతి శనివారం కోడికూర, పప్పు, పెరుగు అంటే ఆరు నెలలకి ఆ అమ్మగారి నడుము పోతుంది. శుక్రవారం కొనుగోలు, శనివారం పొద్దుట్నుంచి కోతలు, రాత్రి పదకొండుకి గిన్నెలు, ఆదివారం ఆరాధనలో కునికిపాట్లు. అయ్యగారు ముందు గదిలో వాక్యం చెప్తుంటే అమ్మగారికి ఒక్క పాట కూడా వినబడదు. దంపతుల పరిచర్య అంటే ఒకరు బోధించడం, ఒకరు వండటం కాదు.

నెలకి ఒకసారి పెద్ద భోజనం. మిగతా మూడు వారాలు పులిహోర, లెమన్ రైస్, కిచిడీ, లేకపోతే సూపు, బ్రెడ్డు. ఎవరూ అలగరు.

మార్తమ్మ_వంటిల్లు
@సైకిల్‌మీద_సువార్త, నడుము సంగతి ఒప్పుకుంటా. కానీ సూపూ బ్రెడ్డూ పెడితే ఆ పిల్లలకి అది హాస్టల్ మెస్సే. వాళ్లు ఇంటి కూడు కోసం వస్తారు, అక్కడ నోరు విప్పుతారు. నోరు విప్పేది కూడా వాక్యం అయ్యాక వరసగా కూర్చున్నప్పుడు కాదు, ఉల్లిపాయలు కోసేటప్పుడు. కాబట్టి వంట తగ్గించొద్దు, చేతులు పెంచండి. ముగ్గురు కోతకి, ఇద్దరు పొయ్యి దగ్గర, నలుగురు గిన్నెలకి. పేర్లు ముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి. మగపిల్లల పేర్లే ముందు రాయండి. రెండు నెలల్లో తాలింపు వాళ్లే వేస్తారు.

రెండో_సెమిస్టర్
ఇద్దరూ చెప్పింది నిజమే. కిచిడీ మాకు ఇష్టమే, పక్కన అప్పడం ఉంటే.

కాగితాల_కట్ట
ఆఫీసుల సంగతి. దిగిన వెంటనే చెయ్యాల్సినవి వరసగా:

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డుంగ్. అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ఒక కాగితం కావాలి, వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అంటారు. పలకడం కష్టమే గాని అది లేకపోతే బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ఏదీ కదలదు. అపాయింట్‌మెంట్లు వారాల తరబడి దొరక్కపోవచ్చు, కాబట్టి ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టండి.

తపాలా పెట్టె మీద, గంట మీద మీ ఇంటిపేరు అంటించండి. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటే అది కూడా. పెట్టె మీద పేరు లేకపోతే పోస్టుమాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు పిన్ను, ఇన్సూరెన్స్ కార్డు, ఆఫీసు నోటీసులు అన్నీ పోస్టులోనే వస్తాయి.

నమోదైన కొన్ని వారాలకి రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ ఉత్తరం వస్తుంది. టీవీ, రేడియో రుసుము. మీ దగ్గర టీవీ లేకపోయినా కట్టాలి. ఇంటికి ఒకటి, నెలకి 18.36 యూరోలు. మూడు నెలలకోసారి 55.08 చొప్పున కట్టించుకుంటారు. మోసమనుకుని చించేసేవాళ్లు చాలామంది, తర్వాత బకాయి నోటీసు వస్తుంది.

అద్దె ఇల్లు చూసేటప్పుడు: కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగు, నీళ్లు కలిపి. అడ్వాన్సు మూడు నెలల ఉత్త అద్దెకి మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. చాలా ఫ్లాట్లలో వంటగది అంటే నాలుగు గోడలు, రెండు పైపులు. పొయ్యి, సింకు, అల్మరా ఏవీ ఉండవు. ప్రకటనలో ఐన్‌బౌక్యూషె అని ఉందేమో చూడండి, ఉంటే సామానుతో ఉన్న వంటగది. ఇల్లు చూపించకుండా డబ్బు పంపమంటే అది మోసం.

మీ రెసిడెన్స్ పర్మిట్ మీద ఏ పనికి అనుమతి ఉందో రాసుంటుంది. అది చదవకుండా ఇంకే జీతం పనీ ఒప్పుకోవద్దు. భార్యాభర్తల కార్డులు ఒకేలా ఉండవు, రెండూ విడివిడిగా చదవండి.

ఫ్యూజు_పెట్టె
ఇంటి గురించి ఒకటి చేరుస్తా. చలికాలంలో కిటికీలు బిగించి వంట చేస్తే నెలలో గోడ మూలల్లో నల్లబూజు వస్తుంది. ఖర్చు మీ అడ్వాన్సులోంచి పోతుంది. కిటికీ కొంచెం వంచి రోజంతా వదిలితే ప్రయోజనం లేదు, గోడ చల్లబడి ఇంకా చెమ్మ పడుతుంది. రోజుకి మూడునాలుగుసార్లు కిటికీలు బార్లా తీసి, హీటరు ఆపి, ఐదు నుంచి పది నిమిషాలు. జర్మన్లు దీన్ని ష్టోస్‌ల్యూఫ్టెన్ అంటారు. పప్పు ఉడికించిన ప్రతిసారీ వెంటనే చెయ్యాలి.

గడప_దీపం
ఇప్పటిదాకా పొయ్యీ కాగితాలూ అయ్యాయి. పరిచర్య దంపతులు చితికిపోయేది సంతకాల దగ్గర. పిల్లలు మంచివాళ్లు, అవసరం నిజం, మీరు కాదనలేరు. అందుకే ముందే తెలుసుకోండి.

ఒకటి. "అంకుల్, మాకు ఇల్లు దొరకలేదు, మీ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ చేసుకుంటాం, ఉండం, కాగితం ఒక్కటి ఇవ్వండి." అక్టోబరులో కనీసం ముగ్గురు అడుగుతారు. ఉండని మనిషికి చిరునామా ఇవ్వడం చట్టవిరుద్ధం. 50,000 యూరోల దాకా జరిమానా రాసుంది చట్టంలో. పైగా మీ ఇంటి యజమాని మిమ్మల్ని ఖాళీ చేయిస్తాడు, మీతోపాటు పిలిచిన సంఘం పేరూ పోతుంది.

రెండు. ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్. ఒక విదేశీయుడి ఖర్చులన్నీ నేను భరిస్తానని ఆఫీసులో సంతకం పెట్టడం. బ్లాక్డ్ అకౌంటులో, అంటే వీసాకోసం ముందే డబ్బు వేసి చూపే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపలేని పిల్లల తల్లిదండ్రులు దీనికోసం ఫోన్ చేస్తారు. ఆ బాధ్యత ఐదేళ్లు ఉంటుంది. పిల్లవాడు జబ్బుపడినా, ప్రభుత్వ సాయం తీసుకున్నా బిల్లు మీకే వస్తుంది. ఎవరికీ పెట్టకండి.

మూడు. అద్దెకి జామీను. అదీ అంతే.

కాదన్న ప్రతిచోటా బదులు ఇంకో దారి చూపించాలి. ఇల్లు కావాలంటే స్టూడియెరెండెన్‌వెర్క్, అంటే విద్యార్థి సేవా సంస్థ, హాస్టల్ దరఖాస్తు పక్కన కూర్చుని పూర్తి చేయించండి, అడ్మిషన్ వచ్చిన రోజే చెయ్యమని చెప్పండి. డబ్బు కష్టమైతే అక్కడే సామాజిక సలహా విభాగం ఉంటుంది, ఉచితం. యూనివర్సిటీ ఊళ్లలో ప్రొటెస్టెంటు విద్యార్థి సంఘం ఉంటుంది, ఎఎస్‌గే అంటారు. ఇబ్బందిలో ఉన్న విదేశీ విద్యార్థులకి వాళ్ల దగ్గర అత్యవసర నిధి ఉంది. మతం చూడరు. వెళ్లిన మొదటి నెలలోనే ఆ పాస్టరుతో కాఫీ తాగండి.

సైకిల్‌మీద_సువార్త
@గడప_దీపం, సంతకాల మాట నూటికి నూరుపాళ్లు. కానీ అప్పు సంగతి? కొందరు అసలు ఇవ్వొద్దంటారు. ఫీజుకి రెండు రోజులు గడువుండగా పిల్ల ఏడుస్తుంటే ఆఫీసు అడ్రస్ చేతిలో పెట్టి పంపడం నా వల్ల కాదు.

గడప_దీపం
అప్పు ఇవ్వొద్దు, ఇవ్వగలిగితే ఊరికే ఇవ్వండి. 300 అప్పిచ్చిన పిల్లవాడు తీర్చలేక శనివారం రావడం మానేస్తాడు. డబ్బు పోతే పోయింది, పిల్లవాడు పోతాడు. దానికంటే 80 యూరోల సరుకులు ఊరికే కొనివ్వండి. మనిషికి ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు అన్నది ఇద్దరూ కూర్చుని ముందే రాసుకోండి. భార్యకి తెలియకుండా భర్తా, భర్తకి తెలియకుండా భార్యా ఇచ్చే అలవాటు ఉంటే మొదటి నెలలోనే మానుకోవాలి. పిల్లలు ఇద్దరినీ వేరువేరుగా అడుగుతారు.

కాగితాల_కట్ట
డబ్బు దగ్గరే ఇంకో ప్రమాదం. "నా అకౌంట్‌లో డబ్బు పడుతుంది, ఇంకొకరికి పంపితే కమిషన్" అని ఏ పిల్లవాడైనా చెప్తే అక్కడికక్కడే ఆపించండి. అది దొంగసొమ్ము తిప్పడం. కేసైతే వీసా పోతుంది. పనిగంటలు కూడా అంతే. విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు లేక 280 సగం రోజులే అనుమతి. 2024 మార్చి నుంచి ఆ లెక్క. రోజులు డైరీలో రాసుకోమని చెప్పండి.

పాటల_పుస్తకం
మీటింగ్ ఏ భాషలో? తెలుగులోనే పెట్టండి అని నా అభిప్రాయం. ఆ ఒక్క సాయంత్రమైనా పిల్లలు మాతృభాషలో ఏడవగలగాలి, పాడగలగాలి.

సైకిల్‌మీద_సువార్త
@పాటల_పుస్తకం, ఒక్క నైజీరియా పిల్లవాడు, ఒక్క కేరళ అమ్మాయి వచ్చినా తెలుగులో నడిపితే వాళ్లు పై వారం రారు. మాట ఇంగ్లీషులో, ప్రార్థన ఎవరి భాషలో వాళ్లు, పాటలు కలిపి. తెలుగు పాటల సాహిత్యం ఇంగ్లీషు లిపిలో, కింద ఒక్క లైను అర్థంతో తెరమీద వెయ్యండి. తెలుగు రాత చదవలేని తెలుగు పిల్లలు కూడా ఉంటారు, వాళ్లకీ అదే దిక్కు.

పాటల_పుస్తకం
సాహిత్యం తెరమీద వేసే పద్ధతి బాగుంది, ఒప్పుకుంటున్నా. డోలక్, కీబోర్డు మాత్రం రాత్రి తొమ్మిదిన్నరకి కట్టేయండి. పది నుంచి పొద్దున్న ఆరు దాకా నిశ్శబ్ద వేళ, పక్క భవనంవాళ్లు పోలీసులకి ఫోన్ చేస్తారు.

గోదారి_గట్టు
వచ్చేవాళ్లలో సగం మంది హిందూ కుటుంబాల పిల్లలు, కొందరు ముస్లింలు. వాళ్లతో ఎలా అన్నది ఎవరూ రాయలేదు.

పిలిచేటప్పుడే చెప్పండి: ఇది క్రైస్తవ సహవాసం, ఆరుకి పాటలు, వాక్యం, ఏడున్నరకి భోజనం, భోజనానికి మాత్రమే వచ్చినా సంతోషం. అన్నం పెట్టి తర్వాత వాక్యం బయటపెడితే అది మోసగించినట్టు. ఏడున్నరకి వచ్చినవాడికీ ముందు వచ్చినవాడికీ ఒకే ప్లేటు, ఒకే పలకరింపు. ఇబ్బందిలో ఉన్నవాడు సాయం అందుకున్న వారంలోనే బాప్తిస్మం అడిగితే ఆగమనండి. మన నేలమీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు.

వంటలో గొడ్డుమాంసం, పంది వద్దు. కోడి టర్కీ దుకాణంలో హలాల్‌ది కొంటే అందరూ తింటారు. శాకాహారానికి గరిటె వేరు, గిన్నె వేరు, బల్ల మీద అటు చివర వేరు. ప్రతి గిన్నె ముందు కాగితం: జీడిపప్పు ఉందా, పాలు ఉన్నాయా, గోధుమ ఉందా. ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. గోధుమ పడనివాళ్లకి సాంబారు కూడా పడదు.

మార్తమ్మ_వంటిల్లు
@గోదారి_గట్టు, ఇంగువ సంగతి బంగారం లాంటి మాట. నేనొకటి కలుపుతా: మిగిలిన అన్నం కుక్కర్లో రాత్రంతా వదిలి పొద్దున్న డబ్బాల్లో పంచకండి. అన్నంలో వేడికి చావని సూక్ష్మజీవుల విత్తనాలుంటాయి, గోరువెచ్చగా ఉన్న గంటల్లో పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. తిన్న గంటలోపే ట్రేలో పల్చగా పరిచి, ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టండి. పిల్లలు ఇంటికి పట్టుకెళ్లేవి కూడా చల్లబడ్డాకే డబ్బాలో పెట్టి మూతెయ్యాలి.

లీదియా_అక్క
ఆడపిల్లల సంగతి చెప్పేవాళ్లు ఎప్పుడూ తక్కువే. అమ్మాయి ఒంటరిగా మాట్లాడాలంటే అమ్మగారితోనే. అయ్యగారు కారులో ఒక్క అమ్మాయిని దింపడం, వాట్సాప్‌లో రాత్రిపూట ఓదార్చడం వద్దు. మెసేజ్ చేస్తే ఇద్దరూ ఉన్న గ్రూపులో జవాబివ్వాలి. అబ్బాయిలతో అమ్మగారికీ ఇదే నియమం.

తల్లిదండ్రుల ఫోన్లు ఇంకో సంగతి. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర. గుంటూరులో పొద్దున్నే ఐదున్నరకి లేచిన తల్లి ఫోన్ చేస్తే మీకు రాత్రి ఒంటిగంట. "మావాడు ఎవరితో తిరుగుతున్నాడు, చర్చికి వస్తున్నాడా, ఫలానా అమ్మాయి మంచిదేనా" అని అడుగుతారు. చెప్పకండి. "బాగున్నాడమ్మా, శనివారం కనిపించాడు, మిగతాది వాడినే అడగండి" అంతే. ఒక్కసారి కబురు చేరవేశారని పిల్లలకి తెలిస్తే ఇక ఒక్కడూ నిజం చెప్పడు. సంబంధాలు చూడమన్నా అంతే, అది మన పని కాదు. ఏ ఊరు, ఇంటిపేరేంటి అని గుచ్చి అడగడం కూడా మానేయాలి. ఆ ప్రశ్న ఎక్కడికి వెళ్తుందో పిల్లలకి తెలుసు.

రెండో_సెమిస్టర్
లీదియా అక్కా, చివరి రెండు వాక్యాలకి దండం.

గడప_దీపం
దానికే సంబంధించింది: ప్రార్థనా లేఖలు. పంపిన సంఘానికి నెలనెలా రిపోర్టు రాస్తారు కదా. పిల్లల పేర్లు, ఫోటోలు వెయ్యకండి. జర్మనీలో మనిషి అనుమతి లేకుండా ఫోటో పెట్టడం చట్టరీత్యా తప్పు. అంతకంటే పెద్దది, ఆ లేఖ వాట్సాప్‌లో తిరిగి ఆ పిల్ల మేనమామ ఫోన్‌కి చేరుతుంది. "విజయవాడ నుంచి వచ్చిన ఒక మెకానికల్ విద్యార్థిని" అన్నా మనవాళ్లు పట్టేస్తారు. "ఒక యౌవనస్థురాలు" అని రాసి ఆగండి. ఫోటో కావాలంటే గిన్నెలది తీయండి, ఖాళీ కుర్చీలది తీయండి.

ఆలివ్_కొమ్మ
అన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. మా ఆవిడ మార్తమ్మగారి లెక్క గోడకి అంటించింది. ఇంకో మూడు ప్రశ్నలు. సామానులో ఏం తేవాలి? క్రిస్మస్‌కి ఎలా? ఏ పిల్లవాడికైనా ఇంటి దగ్గర మరణం సంభవిస్తే మేం ఏం చెయ్యగలం?

మార్తమ్మ_వంటిల్లు
సామాను: నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి తేవద్దు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు, ఎండబెట్టి తెచ్చుకోండి. కొబ్బరికాయకి ఆ నియమం లేదు. నెయ్యికి బదులు అక్కడ బుటర్‌ష్మాల్ట్స్ దొరుకుతుంది, పోపుకి బాగుంటుంది. బరువంతా కారం, ధనియాలపొడి, చింతపండు, ఆవకాయలకే ఇవ్వండి.

ప్రెషర్ కుక్కరు కొనే ముందు పొయ్యి ఏ రకమో ఫోటో తెప్పించుకోండి. గాజు పలక కింద మామూలు హీటరు ఉంటే అల్యూమినియం పనిచేస్తుంది. ఇండక్షన్ అయితే అయస్కాంతం అంటుకునే అడుగే కావాలి. మన లావు మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడ దూరవు, గ్రైండర్ తెస్తే అడాప్టర్ కూడా తేవాలి.

పాటల_పుస్తకం
క్రిస్మస్. డిసెంబరు 24న మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూత. 25, 26 సెలవులు. 2026లో 25 శుక్రవారం, 26 శనివారం, 27 ఆదివారం. అంటే మూడు రోజులు వరసగా ఏమీ దొరకదు. గురువారం పొద్దున్నే అన్నీ కొని పెట్టుకోవాలి.

జర్మన్ పిల్లలు ఇళ్లకి వెళ్లిపోతారు, హాస్టల్ వరండాల్లో లైట్లు కూడా వెలగవు, నాలుగింటికే చీకటి. మన పిల్లలు ఒంటరిగా కుంగిపోయేది ఆ వారంలోనే. 24 సాయంత్రం, 25, 26 మూడు రోజులూ తలుపు తీసి ఉంచండి, కార్యక్రమం ఏమీ అక్కర్లేదు. టీ, క్యారమ్ బోర్డు చాలు.

డిసెంబరు 31 వాచ్ నైట్ సర్వీసు తప్పకుండా పెట్టండి. ఇండియాలో కొత్త సంవత్సరం వచ్చేసరికి అక్కడ రాత్రి ఏడున్నర. ఆ వేళకి పిల్లలంతా ఇళ్లకి ఫోన్ చేసుకోనివ్వండి, తర్వాత భోజనం, పదిన్నరకి ఆరాధన, పన్నెండుకి వాగ్దాన కార్డులు. బయట టపాకాయలు మోగిపోతుంటాయి, ఒంటిగంట దాకా ఎవర్నీ పంపొద్దు. చివరి ట్రామ్ వేళలు ముందే చూసి గోడ మీద రాయండి.

కాగితాల_కట్ట
మరణవార్త ప్రశ్నకి. టికెట్ కొనే ముందు పిల్లవాడి పర్మిట్ కార్డు చూడండి. గడువు దాటి, పొడిగింపు దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే చేతిలో ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఉంటుంది. దాంట్లో ఏ గడికి టిక్ పెట్టారో చూడాలి. పారాగ్రాఫ్ 81లో 4వ ఉపవిభాగమైతే ఇండియా వెళ్లి తిరిగి రావచ్చు. 3వది అయితే వెళ్లొచ్చు గాని దానితో తిరిగి రాలేడు. ఏడుస్తూ టికెట్ కొనేసి, తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కనివ్వక సెమిస్టరంతా పోగొట్టుకునేది ఇక్కడే. కాగితమే లేకపోతే పొద్దున్నే విదేశీయుల ఆఫీసుకి మరణ సమాచారం రుజువుతో వెళ్లి అత్యవసరంగా అడగండి, మీలో ఒకరు కూడా వెళ్లండి.

పిల్లవాడే ఇక్కడ చనిపోతే భారత రాయబార కార్యాలయం బెర్లిన్‌లో ఉంది. కాన్సులేట్లు మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంబుర్గ్‌లో. మృతదేహాన్ని పంపడానికి డబ్బు లేని కుటుంబాలకి అక్కడ సంక్షేమ నిధి ఉంది. చందాలకి ముందు అది అడగండి.

లీదియా_అక్క
బతికుండగా పట్టుకోవాల్సింది ఇంకా ముఖ్యం. "బతకాలని లేదు" అని ఎవరన్నా అంటే ప్రార్థన చేసి పంపేయకండి. ప్రార్థన చెయ్యండి, పక్కనే కూర్చోండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, మనసు తేలికపడుతుంది. ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే 112. టెలిఫోన్‌జేల్‌జోర్గె, అంటే ఫోన్‌లో మనసు విప్పి మాట్లాడుకునే సేవ, 0800 1110111, ప్రొటెస్టెంటు, కాథలిక్ సంఘాలవాళ్లు కలిసి నడిపేది, రాత్రింబవళ్లు, ఉచితం. కాకపోతే జర్మన్‌లో. యూనివర్సిటీ మానసిక సలహా విభాగానికి తర్వాతి రోజే మీరే తోడు వెళ్లండి. మామూలు జ్వరం, కడుపునొప్పి రాత్రిపూట వస్తే డ్యూటీ డాక్టర్ల నంబరు 116117, అంబులెన్సు కాదు.

మీ ఇద్దరికీ కూడా వారంలో ఒక రోజు కావాలి. సోమవారం తలుపు మూసి ఉంటుందని గ్రూపులో రాసెయ్యండి. ఎమర్జెన్సీకి ఒక నంబరు ఉంచి, మిగతా ఫోన్ రాత్రి పదికి ఆపండి.

ఫ్యూజు_పెట్టె
హాలు ఇచ్చిన సంఘంతో గొడవ రాకుండా ఒక చిన్న సంగతి. పసుపు. తెల్లటి వంటగట్టు మీద పసుపునీళ్లు పడి రాత్రంతా ఉంటే సబ్బుకి పోదు. తడిగా ఉన్నప్పుడే తుడవాలి. మిగిలిన మరక మీద వంటసోడా ముద్ద అరగంట ఉంచండి, ప్లాస్టిక్ గిన్నెలైతే ఎండలో పెట్టండి, రంగు విరిగిపోతుంది. వంట మొదలుపెట్టే ముందు గట్టంతా ఆయిల్‌క్లాత్ పరిస్తే అసలు ఈ బాధే లేదు. వాడిన నూనె సింకులో పొయ్యొద్దు, సీసాలో పోసి మూత బిగించి మామూలు చెత్తలో వెయ్యండి. ఎముకలు ఏ డబ్బాలో వెయ్యాలో ఆ ఊరి చెత్త కాగితం చూడండి, ఊరికో పద్ధతి.

ఆలివ్_కొమ్మ
ఆయిల్‌క్లాత్ ఇక్కడ మంగళగిరి బజారులో ఆరు మీటర్లు కొన్నాం. ఆరుకి మొదలు అని చీటీ రాస్తున్నాం, సరేనా?

రెండో_సెమిస్టర్
చీటీలో ఆరు అనే రాయండి అంకుల్. తలుపు మాత్రం నాలుగింటికే తీసి ఉంచండి, ఉల్లిపాయలు కోసేవాళ్లం ముందే వస్తాం.